బెంచీ మీద చదవాల్సిన ఉత్తరం

యూసుఫ్‌గూడ,
నవంబరు 10.

శ్రీనిధికి మీ మేనత్త పుష్పవల్లి దీవెనలు.

కోచింగు హాస్టలు వాళ్ళు నీ ఫోను లాక్కుని బీరువాలో పెట్టి తాళం వేశారని మీ నాన్న చెప్పాడు. బ్యాంకు ఇంటర్వ్యూ అయ్యేదాకా ఇవ్వరట, ఊళ్ళోనే ఉన్న ఇంటికి కూడా పంపరట కదా. మంచి పని చేశారు. చిక్కంతా నాకొచ్చి పడింది. ఉత్తరం రాసి ఎన్నేళ్ళయిందో గుర్తు లేదు. పోస్టాఫీసులో కవరు కావాలంటే అక్కడి అమ్మాయి "పార్సిలా ఆంటీ?" అని రెండుసార్లు అడిగింది.

సంగతేమిటంటే, నాకు ఇంటర్వ్యూ ఉందే. నవ్వకు. నాకు యాభై నాలుగేళ్ళు. డబ్బింగు చెప్పడం మొదలుపెట్టి ఇరవై ఎనిమిదేళ్ళు. ఎంతమంది గయ్యాళి అత్తలకి, ఎంతమంది హీరో తల్లులకి గొంతిచ్చానో నాకే తెలియదు. ఇన్నేళ్ళలో ఒక్క ఇంటర్వ్యూకి వెళ్ళలేదు. మా దగ్గర అలాంటివి ఉండవు. ఫోనొస్తుంది, రేపు తొమ్మిదింటికి రండి అంటారు, వెళ్తాం. మొట్టమొదట ఫిల్మ్‌నగర్‌లో మైకు ముందు నిలబెట్టి ఏడవమన్నారు. ఏడ్చాను. తీసుకున్నారు.

ఇప్పుడు జూబ్లీ హిల్స్‌లో ఒక కంపెనీకి, తెలుగు రాని హీరోయిన్లకి తెలుగు పలకడం నేర్పే మనిషి కావాలట. నెల జీతం. పదింటికి వెళ్ళి ఐదింటికి రావడం. డిసెంబరు మొదటి బుధవారం బయోడేటా తీసుకుని ఇంటర్వ్యూకి రండి అన్నారు. ఆ మాట విన్న దగ్గర్నుంచి అరచేతులు తడి ఆరడం లేదు. నిన్న కాఫీ గ్లాసు చేతిలోంచి జారిపోయింది.

నువ్వు కిందటేడు విజయవాడలో బ్యాంకు ఇంటర్వ్యూ చూసొచ్చినదానివి. ఇప్పుడు ఆ హాస్టల్లో రోజూ ఉత్తుత్తి ఇంటర్వ్యూలు చేస్తున్నారట. కాబట్టి ఇవాళ్టి నుంచి నువ్వే గురువు, నేను శిష్యురాలిని. భయం ఎలా తగ్గించుకోవాలో వివరంగా రాయి.

ఈ వయసులో ఉద్యోగం ఎందుకు అంటావేమో. ఊరికేనే. నెల జీతం ముచ్చట తీరలేదు, అంతే.

మీ అత్త

*

కాకినాడ,
నవంబరు 17.

అత్తా,

గురువుకి దక్షిణగా పూతరేకులు పంపించు, తర్వాత పాఠం మొదలు.

ఒకటో మాట. లోపలికి వెళ్ళేముందు పొట్ట నిండా గాలి పీల్చి, నాలుగు దాకా లెక్కపెట్టి, మెల్లగా వదులు. నీకు ఊపిరి సంగతి నేను చెప్పాలా? ఒక్క ఊపిరిలో ఊరు ఊరంతటినీ తిట్టినదానివి. తర్వాత, "మీ గురించి చెప్పండి" అని తప్పకుండా అడుగుతారు. దానికి ముందే జవాబు అనుకుని ఉంచుకో. హీరో తల్లిలా ఏడవకు. అన్నిటికంటే ముఖ్యం, ఎదుటివాళ్ళ ముఖం సూటిగా చూస్తూ మాట్లాడు. చూపు పక్కకి తిప్పితే భయపడుతున్నామని కనిపెట్టేస్తారు. మా సారు ఈ మాట రోజుకి పదిసార్లు చెప్తారు.

అసలు భయమంతా బయట బెంచీ మీదే అత్తా. విజయవాడలో నేను కూర్చున్నది ఆకుపచ్చ రెక్సిను బెంచీ. ఎడమ పక్క చిరిగి లోపలి దూది కనిపిస్తూ ఉంటే, నేను దాన్ని వేలితో లోపలికి తోస్తూ కూర్చున్నాను. ఎదురుగా గడియారం ఐదు నిమిషాలు వెనక. నా పక్కన గుంటూరు అమ్మాయి ఏదో స్తోత్రం గొణుక్కుంటోంది. ఫ్యాను తిరిగి తిరిగి ఒక మూలకి రాగానే టక్కుమనేది. తలుపు తెరిచి ప్యూను పేరు పిలిచినప్పుడల్లా నేను ఫైలు తెరిచి సర్టిఫికెట్లు మళ్ళీ లెక్కపెట్టేదాన్ని. నా ముందు ఏడుగురు. నా ఫైలు అట్ట మీద నాలుగు వేళ్ళూ తడిగా అచ్చుపడ్డాయి. మెట్ల దగ్గర నీళ్ళ డ్రమ్ము, దానికి గొలుసుతో కట్టిన స్టీలు గ్లాసు.

లోపల ఏముందిలే, మామూలే.

నువ్వు మాత్రం దర్జాగా వెళ్ళు. జుట్టుకి కొబ్బరినూనె తగ్గించు.

నీ గురువు,
నిధి

*

యూసుఫ్‌గూడ,
డిసెంబరు 5.

నిధీ,

నీ ముఖం మండా, సూటిగా చూడమని నాకెందుకు చెప్పావే?

జరిగింది రాస్తాను, ఎవరికీ చదివి వినిపించకు. ఆఫీసు బావుంది. ఏసీ చల్లగా ఉంది. ఇంటర్వ్యూ చేసినావిడ పేరు గీతిక, నీకంటే నాలుగైదేళ్ళు పెద్దదై ఉంటుంది. మర్యాదగా కుర్చీ చూపించింది. నేను గాలి పీల్చి, నాలుగు దాకా లెక్కపెట్టి, నువ్వు చెప్పినట్టే ఆవిడ ముఖం సూటిగా చూశాను.

మా పనేమిటో నీకు తెలుసుగా. తెర మీద బొమ్మ పెదవి కదిలితే మనం మాట మొదలుపెట్టాలి. పెదవి మూస్తే మనం ఆపాలి. ఇరవై ఎనిమిదేళ్ళుగా నేను చేసింది ఇదే.

గీతిక "మీ గురించి" అని పెదవి విప్పిందో లేదో నా నోట్లోంచి "నా పేరు పుష్పవల్లి అండీ" అని వచ్చేసింది. ఆవిడ ఆగింది. నేనూ ఆగాను. నేను చెప్తానని ఆవిడ నోరు మూసుకుని ఎదురుచూసింది. నేనూ నోరు మూసుకుని ఎదురుచూశాను. ఎంతసేపని చూస్తుంది, ఆవిడ మళ్ళీ ఏదో అడగబోయింది. నేను మళ్ళీ అందుకున్నాను. ఇద్దరం కలిసి మాట్లాడాం, ఇద్దరం కలిసి ఊరుకున్నాం. మధ్యలో ఆవిడ నీళ్ళు తాగితే నేను గుటక వేశాను. చివరికి పాపం ఆవిడ ఆవులించింది. నేను "హా" అని ఊపిరి వదిలాను. గట్టిగానే వదిలాను, మైకు లేదు కదా అని.

పది నిమిషాల తర్వాత "సరే ఆంటీ, ఫోన్ చేస్తాం" అంది. ఫిల్మ్‌నగర్‌లో ఆ మాటకి అర్థమేంటో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

బయటికొచ్చి రోడ్డు దాటి ఒక కారు పక్కన నిలబడి నవ్వుకున్నాను. తర్వాత ఏడుపొచ్చింది. ఆ కారు డ్రైవరు దిగి మంచినీళ్ళ సీసా ఇచ్చాడు.

అత్త

*

కాకినాడ,
డిసెంబరు 12.

అత్తా,

ఎవరికీ చదవలేదు. ఒక్క అనసూయమ్మగారికి తప్ప. ఆవిడ మా వార్డెను. నేను మంచం మీద పడి దొర్లుతూ ఉంటే కడుపునొప్పేమోనని పరిగెత్తుకొచ్చింది, చెప్పక తప్పలేదు. ఇప్పుడు భోజనాల దగ్గర ఎవరైనా ఆవులిస్తే ఆవిడ నా వైపు చూస్తోంది.

నవ్వినందుకు తిట్టు, పడతాను. పైగా తప్పు నాదే. సూటిగా చూడమంది నేనే. ఇకమీదట కనుబొమ్మల మధ్య బొట్టు వైపు చూడు. ఎదుటివాళ్ళకి కళ్ళలోకి చూసినట్టే ఉంటుంది, నీకు పెదాలు కనపడవు.

ఇంకో మాట. ఫోన్ చేస్తామన్నారని చేతులు ముడుచుకు కూర్చుంటావా? మీ స్టూడియోలో డైలాగు సరిగా పడకపోతే "వన్ మోర్" అని మళ్ళీ చెప్పిస్తారుగా. వెళ్ళి ఆ గీతికగారిని వన్ మోర్ అడుగు. మహా అయితే కాదంటారు.

ఇంతకీ ముచ్చట కోసమే అయితే రోడ్డు మీద ఏడుపెందుకొచ్చింది? నిజం చెప్పు.

నిధి

*

యూసుఫ్‌గూడ,
డిసెంబరు 20.

నిధీ,

ఆ అమ్మాయి బొట్టు పెట్టుకోదు. నీ సలహాలు ఇలాగే ఉంటాయి.

అయినా సాధన చేద్దామని కింద వాటాలో వెంకటనర్సయ్యని ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను. తెలుసుగా, బోరబండ నుంచి వచ్చి మా కింద వాటాలో ఉంటున్న ఆటో ఆయన. రెండు నిమిషాలు ఓపిక పట్టి, "ఏంది మేడం, గట్ల నా నోరు జూస్తున్నరు? పండ్లల్ల ఏమన్న ఇరుక్కుందా?" అని లేచిపోయాడు.

అప్పుడు నాకొకటి తట్టింది. నాలుగేళ్ళుగా ఆయన ఆటోలో స్టూడియోకి వెళ్తూ లోకంలోని కబుర్లన్నీ చెప్పుకుంటాం. అక్కడెప్పుడూ మాట తడబడలేదు. ఎందుకంటే ఆయన వీపు నాకు, ముఖం రోడ్డుకి. అద్దంలో కళ్ళు మాత్రమే కనిపిస్తాయి. నాకు భయం ఇంటర్వ్యూ అంటే కాదేమో, ఎదురుగా నోరు కనిపించడమేనేమో అనుకుంటున్నాను.

ఇక నువ్వడిగినదానికి జవాబు. దానికి ముందు నేనొకటి అడుగుతాను. నీ మొదటి ఉత్తరం మళ్ళీ చదివాను. బెంచీ గురించి ఒక పేజీ రాశావు. చిరిగిన రెక్సిను, వెనకబడిన గడియారం, గొలుసు గ్లాసు, అన్నీ ఉన్నాయి. లోపల గది గురించి మాత్రం "మామూలే" అని తేల్చేశావు. కిటికీ ఎటుందో లేదు, ఎంతమంది కూర్చున్నారో లేదు. నువ్వు లోపలికి వెళ్ళలేదు కదూ?

నువ్వు చెప్పకముందే నేను నాది చెప్పేస్తాను, అప్పుడు సరికి సరి. నా గొంతు నరం మీద వాపు వచ్చింది. ఏడుపులు, కేకలు ఇక వద్దన్నారు డాక్టరుగారు. హీరో తల్లికి ఏడుపు, కేకలు తీసేస్తే ఇక మిగిలేదేముంది? ఐదు నెలలుగా ఎవరూ పిలవలేదు. మీ నాన్నకి చెప్తే వచ్చి కాకినాడ తీసుకుపోతానని కూర్చుంటాడు. నాకు ఇక్కడే, ఈ పనిలోనే ఉండాలని ఉంది. అది తప్ప నాకేం వచ్చు? ముచ్చట కోసం కాదు తల్లీ, ఈ ఉద్యోగం నాకు కావాలి.

అత్త

*

కాకినాడ,
డిసెంబరు 28.

అత్తా,

వెళ్ళలేదు.

ఏడో అమ్మాయి లోపలి నుంచి వచ్చేసింది. నెక్స్ట్ నేనే. నీళ్ళు తాగొద్దామని లేచాను. డ్రమ్ము మెట్ల దగ్గర ఉంది. నీళ్ళు తాగాను. గ్లాసు వదిలేశాను, అది గొలుసుకి ఊగుతోంది. వెనక నా పేరు వినిపించింది. మెట్లు దిగిపోయాను. రెండోసారి కూడా పిలిచారు. బస్టాండు దాకా వెనక్కి తిరిగి చూడలేదు.

ఇంట్లో ఉద్యోగం రాలేదని చెప్పాను. నాన్న "పోనీలే తల్లీ, వాళ్ళకే అదృష్టం లేదు" అని జిలేబీ తెచ్చిపెట్టాడు. ఆ జిలేబీ తింటూ ఉంటే ఎంత సిగ్గేసిందో నీకు చెప్పలేను. ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

మళ్ళీ పిలుపొచ్చింది. ఈసారి హైదరాబాదులోనే, ఫిబ్రవరి ఆరున. లోపల ఏమడిగినా చెప్పగలను అత్తా, మా సారు కూడా అదే అంటారు. ఆ బెంచీ మీద కూర్చోగలనో లేదో తెలియడం లేదు. నీకేమో పాఠాలు చెప్పాను.

నువ్వు గొంతు గురించి ఇన్నాళ్ళు దాచావని కోపంగా ఉంది. నేను దాచింది గుర్తొచ్చి తగ్గింది. నువ్వు గీతికగారి దగ్గరికి వెళ్ళు. నాకోసమైనా వెళ్ళు.

నిధి

*

యూసుఫ్‌గూడ,
జనవరి 18.

నిధీ,

వెళ్ళాను. ఏమైందో రాయను.

ఫిబ్రవరిలో ఇక్కడికే వస్తున్నావుగా, అప్పుడు చూద్దాం. వచ్చేటప్పుడు కాజాలు తీసుకురా.

అత్త

*

కాకినాడ,
జనవరి 24.

అత్తా,

ఇది చాలా అన్యాయం. మూడు ముక్కలు రాయడానికి ఐదు రూపాయల స్టాంపా? వచ్చిందో రాలేదో ఒక్క మాట రాస్తే నీ సొమ్మేం పోతుంది? అనసూయమ్మగారు కూడా రోజూ అడుగుతున్నారు. ఆవిడకి నా చదువు మీద కంటే నీ ఉద్యోగం మీదే ధ్యాస ఎక్కువైంది.

కాజాలు తేను.

నిధి

*

యూసుఫ్‌గూడ,
ఫిబ్రవరి 6, పొద్దున్నే.
బెంచీ మీద కూర్చున్నాకే విప్పాలి.

నిధీ,

కూర్చున్నావా? సర్దుకుని కూర్చో. నీ సంచిలో నీళ్ళ సీసా పెట్టాను, కాబట్టి నీళ్ళకని లేవక్కర్లేదు. ఏ డ్రమ్ము జోలికీ పోకు.

వచ్చిన దగ్గర్నుంచి రెండు రోజులుగా నా ప్రాణం తీస్తున్నావు, వచ్చిందా రాలేదా అని. కాజాలు తెచ్చి లంచం కూడా పెట్టావు. చెప్పలేదు. ఇప్పుడు చెప్తాను, నిదానంగా చదువు. మధ్యలో నీ పేరు పిలిస్తే ఆ మాట దగ్గర గోటితో గీత పెట్టి లోపలికి వెళ్ళు. పిలవకముందే అయిపోతే మళ్ళీ మొదటినుంచి చదువు.

ఆ రోజు గీతిక ఆఫీసులో బయట సోఫా వేసి ఉంది. దాని మీద నేను గంట కూర్చున్నాను. రెండుసార్లు లేచి లిఫ్టు దాకా వెళ్ళాను కూడా. అక్కడ నువ్వు గుర్తొచ్చావు. అత్తాకోడళ్ళిద్దరం ఒకే రకంగా పారిపోతే మీ నాన్న ఎన్ని జిలేబీలని తెస్తాడు పాపం అనుకుని వెనక్కొచ్చి కూర్చున్నాను. నా కాళ్ళు ఇంకా లిఫ్టు వైపే లాగుతున్నాయి. కూర్చోవడానికి కాళ్ళతో పని లేదుగా.

లోపలికి వెళ్ళగానే గీతిక గుర్తుపట్టింది. "ఆంటీ, మీరు మళ్ళీ..." అంది. నేను నేల చూస్తూ చెప్పాను. "అమ్మా, నాకు వన్ మోర్ కావాలి. మీ నోరు కదిలితే నా నోరు ఆగదు, ఇరవై ఎనిమిదేళ్ళ అలవాటు. మీ పక్కన కుర్చీ వేసుకోనివ్వండి, ఇద్దరం కిటికీలోంచి బయటికి చూస్తూ మాట్లాడుకుందాం." ఆవిడకి ఒక్క నిమిషం ఏమీ అర్థం కాలేదు. అర్థమయ్యాక, "అయితే ఆ ఆవులింత..." అని టేబులు మీద తల పెట్టుకుని నవ్వింది. తర్వాత తన కుర్చీ తనే జరుపుకుంది.

కిటికీలోంచి పెద్ద బండరాళ్ళు, వాటి కింద వరసగా కార్లు, కార్లు తుడుచుకుంటున్న డ్రైవర్లు కనిపిస్తున్నారు. మీ గురించి చెప్పండి అంది. వాళ్ళని చూస్తూ అంతా చెప్పాను. గొంతు వాపు కూడా చెప్పాను. కేకలు వేయలేను గానీ నేర్పగలను అన్నాను. మధ్యలో గొంతు బొంగురుపోయింది, ఆగి నీళ్ళు తాగి మళ్ళీ చెప్పాను. ఆవిడ ఏమీ అనుకోలేదు.

అప్పుడు ఆవిడ ముంబయి నుంచి వచ్చిన ఒక పొడుగాటి అమ్మాయిని పిలిచి, నేర్పి చూపించమంది. ఇక్కడ మాత్రం ఎదురుగా కూర్చున్నాను. ఆ పిల్ల నోరు తెరిస్తే నా నోరూ తెరుచుకుంది. నా పెదాలు చూసి ఆ పిల్ల తన పెదాలు సరిచేసుకుంది. మాట బయటికి రాకముందే నాలుక ఎక్కడ తప్పు తిరుగుతోందో నాకు తెలిసిపోతోంది. మొదటి ఇంటర్వ్యూలో నా పరువు తీసిన అలవాటే ఇది, ఇప్పుడు దానితోనే పాఠం నడుస్తోంది. పావుగంటకి ఆ పిల్ల తన సినిమాలోని "వెళ్ళొస్తాను బాబాయ్" అనే డైలాగుని మన కాకినాడ ఆడపిల్లలాగా చెప్పింది.

ఆ పిల్ల వెళ్ళాక గీతిక నా వైపు తిరిగింది. నోరు తెరిచింది. నేను నా నోరు గట్టిగా మూసుకుని విన్నాను.

ఆవిడ ఏమందో రెండో కాగితంలో రాశాను. ఆ కాగితం నా దగ్గరే ఉంది. నేను గేటు బయట వెంకటనర్సయ్య ఆటోలో కూర్చుని ఉన్నాను. నువ్వు లోపలికి వెళ్ళి వస్తేనే అది నీ చేతిలో పెడతాను. వాళ్ళు ఉద్యోగం ఇస్తారా ఇవ్వరా అన్నది నాకు అక్కర్లేదు. మెట్లు దిగి ఊరికే వచ్చావనుకో, నీ ముఖం చూసి కనిపెట్టేస్తాను.

అత్త

*

కాకినాడ,
ఫిబ్రవరి 11.

అత్తా,

ఫోను చేతికొచ్చింది. అయినా ఇది కాగితం మీదే రాయాలనిపించింది. ముందు ఫిర్యాదు. గేటు బయట నువ్వు మడతపెట్టి ఇచ్చిన రెండో కాగితం రైల్లో తీరిగ్గా చదివాను. అది ఏదో పాత సినిమా డబ్బింగు కాగితం. "నీ వంశం నాశనమైపోను" అని మొదలై, పక్కన "ఏడుస్తూ" అని పెన్సిలుతో రాసుంది. ఇంత మోసం నేను ఎక్కడా చూడలేదు.

ఆటో దగ్గర నేను నోరు తెరవకముందే "మార్చి ఒకటి నుంచి రమ్మన్నారే" అని నోటితో చెప్పేశావు సరే. నేను నిన్ను పట్టుకుని ఏడుస్తూ ఉంటే వెంకటనర్సయ్యగారు "ఏంది బిడ్డా, నీకింక చెప్పలేదా? మాకు ఇరవై దినాల కిందనే మిఠాయి పెట్టిండ్రు గద" అన్నారు. ఆ లెక్క నువ్వే తేల్చాలి.

నా పేరు ఎక్కడ పిలిచారో నీకు చెప్పలేదు కదా. "వెళ్ళొస్తాను బాబాయ్" దగ్గర. గోటి గీత ఉంది, కాగితం దాచాను. నిజం చెప్పాలంటే అంతకుముందు "లిఫ్టు దాకా వెళ్ళాను" అన్నచోట నేనూ లేచాను. నువ్వు వెనక్కొచ్చావని చదివి కూర్చున్నాను. ఫలితాలు వచ్చే నెలలో వస్తాయి. రాకపోతే ఈసారి నాన్నకి నిజంగానే రాలేదని చెప్తాను.

బెంచీ గురించి పేజీ రాసి గది గురించి ఒక్క మాట రాయలేదన్నావుగా. రాస్తున్నాను, చదువుకో. కిటికీ ఎడమ పక్క ఉంది, పసుపు రంగు పరదా, దానికి రెండు కొక్కేలు ఊడిపోయాయి. ఐదుగురు కూర్చున్నారు. నడుమ ఉన్నావిడకి ముక్కుపుడక, ఆవిడే ఎక్కువ అడిగింది. చివరాయన కళ్ళజోడుకి దారం కట్టుకున్నాడు. ప్లేటులో నాలుగు బిస్కట్లు, ఎవరూ ముట్టుకోలేదు. మా జిల్లాలో రొయ్యల చెరువులకి అప్పులెలా ఇస్తారో అడిగారు. ఒకదానికి జవాబు తెలియక తెలియదండీ అన్నాను. నా కుర్చీకి చేతులు లేవు, కూర్చునేచోట కొంచెం వంకర. ఆ కుర్చీలో నేను పద్దెనిమిది నిమిషాలు కూర్చున్నాను.

నిధి